పిలిచేదాకా రాకు

ఆవిడ ఉద్యోగం వదిలి ఎనిమిదేళ్ళయినా బడి ఆవిడను వదల్లేదు. మాట వినని పిల్లలతో ఎలా వేగాలో చెప్పమని ఏ టీచరు అడిగినా వెళ్తుంది, చివరి బెంచీలో కూర్చుని అంతా చూస్తుంది. అందుకే అందరూ ‘చివరి బెంచీ అమ్మ’ అంటారు. కూర్చునేముందు మాత్రం తలుపు వెనక్కి ఓసారి తొంగిచూస్తుంది. ఏం వెతుకుతుందో ఎవరూ అడగరు.

ఆ రోజు ఆరో తరగతి. కొత్త టీచరు గొంతు అప్పటికే బొంగురుపోయింది.

“మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈ పిల్ల రాజుకే అమ్మమ్మ! పుస్తకం తియ్యమంటే నలభైమంది ముందు తియ్యనంది. బయట నిలబెట్టాను. ఇక నా క్లాసులో వద్దని హెడ్‌మాస్టరుగారికి రాసిచ్చేస్తానమ్మా.”

“నలభైమంది ముందు నువ్వూ తగ్గలేవు, అదీ తగ్గలేదు. ఈసారి దగ్గరికెళ్ళి మెల్లగా చెప్పి పక్కకొచ్చెయ్. నువ్వు చూడనప్పుడు పుస్తకం తీసుకునే వ్యవధి ఇవ్వు. సరే, మళ్ళీ లోపలికి పిలిచావా?”

“బుద్ధొస్తే తనే వస్తుందిలెండి.”

పెద్దావిడ తలుపు వైపు చూసింది. ముప్పై ఏళ్ళ కిందట తనూ అచ్చం అలాగే అనుకుంది. “నేను పిలిచేదాకా రాకు” అని ఓ రెండు జడల పిల్లను బయటికి పంపింది. గంట కొట్టారు, మరిచిపోయింది. మర్నాడు ఆ పిల్ల వచ్చి తలుపు పక్కనే నిలబడింది. ఎంత పొగరనుకుని హాజరుపట్టీలో రాలేదని రాసింది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు ఆ పిల్ల నిజంగానే రాలేదు. ఆ ఇంటివాళ్ళు ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారు. తర్వాత పక్కింటావిడ చెప్పింది, “లోపలికెందుకు వెళ్ళవే అంటే, టీచరు ఇంకా పిలవలేదు అనేదండీ.”

తరగతి మొత్తంలో తన మాట తుచ తప్పకుండా విన్నది ఆ పిల్ల ఒక్కతే. మొండిదన్న పేరు పెట్టింది దానికే. ఆ పాపం ఆవిడను ఈనాటికీ నిద్రపోనివ్వదు.

“తను రాదమ్మా, నువ్వే పిలవాలి. ఆ కాగితం తర్వాత రాద్దువుగాని, ముందు వెళ్ళు,” అంది.

కొత్త టీచరు గుమ్మం దాకా వెళ్ళి పేరుపెట్టి పిలిచింది. పిల్ల తల వంచుకుని వచ్చి కూర్చుంది. కాసేపటికి పుస్తకం కూడా బయటికొచ్చింది. టీచరు తలుపు వెయ్యబోయింది.

“ఉండనీ అమ్మా.”

“ఎందుకండీ? బయట ఎవరూ లేరుగా.”

ఆవిడ ఖాళీ వరండా వైపు చూస్తూ, “లోపలికి రా తల్లీ,” అని గొణిగి, బెంచీలో కాస్త పక్కకు జరిగి కూర్చుంది.