తాళం తిప్పిన తర్వాత

మా వంటాయన పోయాడు. మంగళవారం పొద్దున ఇక్కడ కువైట్‌లో, హవల్లీలో మా బిల్డింగు మెట్లు కడుగుతుంటే, మేము డ్రైవరు తమ్ముడని పిలిచే కుర్రాడు ఫోను చేశాడు. "బాబాయ్, ఆయన లేరండి" అన్నాడు. మిగిలిన రెండు అంతస్తులూ కడిగి, బకెట్టు బోర్లించి, అప్పుడు కూర్చున్నాను. కూర్చుని ఏడ్చానని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. ఏడవలేదు. కోపం వచ్చింది. వాదన సగంలో వదిలేసి లేచిపోయిన మనిషి మీద వచ్చే కోపం.

నాది మూడో తరగతి చదువు. పోయినవాళ్ళను దేవుళ్ళను చేసే మాటలు నాకు రావు. వచ్చినా ఆయన మీద వాడను, వాడితే ఆయనే నవ్వుతాడు. ఆయన కోనసీమ మనిషి, మిష్రిఫ్‌లో ఒక పెద్ద ఇంట్లో వంట. నాది కడప జిల్లా. మొదట చాలా ఏళ్ళు వఫ్రాలో తోటపని చేశాను, ఇప్పుడు ఈ బిల్డింగుకు హారిస్‌ని. అంటే కాపలా, చెత్త, మెట్లు, నీళ్ళ మోటారు, అన్నీ నేనే. ఊరు వేరు, మాట వేరు, తిండి వేరు. మమ్మల్ని కలిపింది సినిమా ఒక్కటే.

ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే ఇఖామా కార్డు కోసం వేలిముద్రలు వేసే లైనులో మొదటిసారి కలిశాము. ఎండలో మూడు గంటలుగా నిలబడి ఉన్నాము. నా వెనకాల మనిషి నా భుజం తట్టి, "ఏవండీ, మీరు తెలుగువారేనా? ఈమధ్య ఏదైనా మంచి సినిమా చూసేరా?" అన్నాడు.

"ఈడ కాళ్ళు పీకుతాంటే సినిమా ఏంది సామీ?" అన్నాను.

"కాళ్ళు ఎలాగూ పీకుతాయండీ. నోరు ఖాళీగానే ఉంది కదా" అన్నాడు.

లైను ముందుకు కదిలేలోపు ఒక సినిమా మొత్తం చెప్పాడు. ఆ సినిమాలో హీరో చేసిన పని తప్పని నేనన్నాను. ఒప్పని ఆయనన్నాడు. ముద్రలు వేసి బయటికొచ్చి కూడా అదే మాట్లాడుకున్నాము. ఆరోజు మొదలైన గొడవ పోయిన నెల దాకా నడిచింది.

వఫ్రా ఎరిగినవాళ్ళకు చెప్పక్కరలేదు. తోట దాటితే ఇసుక, ఇసుక దాటితే ఇంకో తోట. బస్సు కోసం నిలబడితే నిలబడినట్టే. అందుకని శుక్రవారం మధ్యాహ్నం ఆయనే ఫోను చేసేవాడు. నేను టమాటా గ్రీన్‌హౌస్ పక్కన నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చునేవాణ్ణి. ఆ వారం టీవీలో వచ్చిన సినిమా, సీరియలు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. చెప్పడం కూడా వంటవాడిలాగే. "పాటలు ఎక్కువైపోయేయండీ, కూర పలచబడింది." "ఆ అత్తగారి పాత్ర ఉంది చూసేరూ, పోపులో మాడిన ఎండుమిరపకాయండీ. పారెయ్యలేం, తినలేం." నేను ఆ కథలు విని, సాయంత్రం మా తోటలో ఉన్న నలుగురికి చెప్పేవాణ్ణి. వాళ్ళు నా నోటినుంచి వినేది వంటాయన మాటేనని వాళ్ళకు తెలియదు.

తర్వాత హవల్లీలో ఈ పని దొరికింది. కింద నాకొక గది, గదిలో ఎవరో ఖాళీ చేసిపోతూ వదిలేసిన టీవీ. అప్పటినుంచి శుక్రవారం మూడింటికి మా గదిలోనే కూర్చునేవాళ్ళం. వంటాయన, డ్రైవరు తమ్ముడు, మిష్రిఫ్‌లోనే ఇంకో ఇంట్లో పనిచేసే మా జిల్లా చెల్లెలు, నేను. చెల్లెలిది రాయచోటి దగ్గర. వచ్చీ రాగానే చెప్పులు విప్పుతూనే సీరియలు మీద పడేది. "ఆ పిల్లకు బుద్ధుందా అన్నా? మొగుడు అన్నిసార్లు మోసం చేస్తాంటే పసుపు కుంకుమ అంటాదేంది! మా మామా చూసి, ఈ అమ్మాయి ఎందుకు ఏడుస్తాందని నన్ను అడుగుతాంది. నేనేమని చెప్పేది?" మామా అంటే ఆమె పనిచేసే ఇంటి అమ్మగారు.

మా గది ముందునుంచి పోతూ మూడో అంతస్తు సారు ఒకాయన ఒకరోజు ఆగాడు. తెలుగువాడే, ఆఫీసు మనిషి. "ఏం పెద్దాయనా, వంటవాళ్ళు, పనివాళ్ళు కలిసి సినిమాలకు మార్కులేస్తున్నారా? మీకేం తెలుసని?" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపు వంటాయన లేచి, చేతులు కట్టుకుని, చాలా మర్యాదగా అడిగాడు: "ఉప్పు తక్కువైందని చెప్పడానికి మీరెప్పుడైనా వంట నేర్చుకున్నారా అండీ?"

ఆ సారు లిఫ్టు ఎక్కేశాడు. ఇదే మాట మీకూ చెబుతున్నాను. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో ఇతరుల ఇళ్ళు తుడిచినవాళ్ళం, ఇతరుల పిల్లలకు వండిపెట్టినవాళ్ళం. ఒక కథ బాగుందో లేదో చెప్పే హక్కు మాకుంది. ఎవరూ ఇవ్వనక్కరలేదు.

ఇక ఆయన తప్పు రాస్తాను. రాయకపోతే ఇది ఆయన గురించి రాసినట్టు కాదు.

గదిలో టీవీ వచ్చిన కొత్తలో ఒక పాత సినిమా వేశారు. అన్నదమ్ముల కథ. వఫ్రాలో ఉన్నప్పుడు వంటాయన చెప్పగా విన్నదే. ఆయన చెప్పిన దాంట్లో, ఇల్లు విడిచిపోయిన తమ్ముడు చివర్లో తిరిగొస్తాడు. అన్నతో ఒక్క మాటా మాట్లాడడు. నేరుగా అన్న కొట్లోకి పోయి, తక్కెడ అందుకుని, వచ్చినవాళ్ళకు బెల్లం తూచిపెడతాడు. నాకు ఆ తక్కెడ కళ్ళలో నిలిచిపోయింది. టీవీలో చూస్తే తక్కెడ లేదు, బెల్లం లేదు. తమ్ముడు అన్న ఒళ్ళో పడుకుని, పావుగంట మాట్లాడి, చచ్చిపోయాడు.

శుక్రవారం ఆయన గడప తొక్కీ తొక్కకముందే పట్టుకున్నాను. "ఏంది సామీ, తమ్ముడు సచ్చిపోయినాడే! బెల్లం యాడిది?"

ఆయన సిగ్గుపడలేదు. "చూసేసేరా?" అన్నాడు. ఆ ఇంట్లో రాత్రి భోజనాల వేళకు సినిమా ఎప్పుడూ చివరికొచ్చేది. మామా "యల్లా" అని తొందరపెట్టగానే ఈయన గరిటె పట్టాలి. అట్లా ఒక్క సినిమా కూడా చివరిదాకా చూడలేదు. ఇన్నేళ్ళూ నేను విన్న ముగింపులన్నీ ఆయన వండినవే.

"చూడలేదని చెప్పొచ్చు గదా?"

"సగం ఉడికిన అన్నం వడ్డిస్తామాండీ? మీరేమో అంతదూరంలో ట్యాంకు కింద ఒక్కరే కూర్చుని వింటున్నారు. తర్వాత ఏమైందో తెలీదండీ అని ఫోను పెట్టెయ్యమంటారా?"

మూడు శుక్రవారాలు ఆయనతో మాట్లాడలేదు. వఫ్రాలో నలుగురు మనుషులు నన్ను నమ్మి ఆ బెల్లం కథ మోస్తున్నారు. నేను అబద్ధం ఆడని మనిషిని, నా చేత అబద్ధం ఆడించాడు. నాలుగో శుక్రవారం ఆయన పులిహోర డబ్బాతో వచ్చాడు. "పోనీ, ఒకటి చెప్పండి బావగారూ. వాళ్ళది బాగుందా, నాది బాగుందా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పకుండానే ఇన్నేళ్ళు గడిపాను. ఇప్పుడు రాస్తున్నాను: ఆయనదే బాగుంది. అయినా తప్పు తప్పే.

ఆరోజే మా గదిలో ఒక కట్టుబాటు పెట్టాను. కథ ఎవరైనా ఎట్లాగైనా మార్చుకోవచ్చు. కానీ మార్చే చోట ఆగి, "ఇక్కడినుంచి నాది" అని చెప్పాలి. అందరూ ఒప్పుకున్నారు. డ్రైవరు తమ్ముడు ఫైట్లు మార్చేవాడు. చెల్లెలు మొగుళ్ళను మార్చేది. వంటాయన సంగతి చెప్పక్కరలేదు. తర్వాత ఫోన్లో ఎప్పుడంటే అప్పుడు చూసే వీలు వచ్చినా, ఆయన మాత్రం చివరి అరగంట ముందే ఆపేసేవాడు. "నాకు నాది ఉందండీ, వాళ్ళది ఎందుకు?" అనేవాడు. "ఇక్కడినుంచి నాది" అని ఒక్కసారి కూడా అననివాణ్ణి నేనొక్కణ్ణే. చూసింది చూసినట్టు చెప్పడం నా పద్ధతి. అది నా గొప్ప అనుకున్నాను.

పోయిన నెల ఆయన్ను ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరి అందడం లేదు. నేను వెళ్తే, ముక్కుకు గొట్టం పెట్టుకుని కూడా కొత్త సినిమా గురించే అడిగాడు. "మీరు చూసి రండి బావగారూ. ఈసారి మీరు చెప్పండి, నేను వింటాను."

హాలుకు పోయి చూశాను. ఒక ముసలి లారీ డ్రైవరు కథ. ముప్పై ఏళ్ళు నడిపిన లారీని ఓనరు అమ్మేస్తాడు. ఆ లారీ ఎక్కడుందో వెతుక్కుంటూ ముసలివాడు ఊరూరూ తిరుగుతాడు. చివరికి పాత ఇనుము కొట్టుకు చేరేసరికి లారీని ముక్కలు కోసేసి ఉంటారు. ముసలివాడు గేటు దగ్గరే కూలిపోతాడు. అంతే సినిమా.

మరుసటిరోజు మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"గేటు దగ్గరే పోయాడా?"

"పోయినాడు."

"మార్చండి."

"నేను చూసింది అదే సామీ."

"చూసింది ఎవడైనా చెబుతాడండీ. రూలు మీరు పెట్టిందే కదా. ఇక్కడినుంచి నాది అనండి, మార్చండి. నేనేం తప్పు పట్టను."

"నా చేత గాదు."

"ఒక్కసారండీ."

"గాదంటే గాదు."

ఆయన నవ్వాడు. నవ్వుతో దగ్గు వచ్చింది. నర్సు వచ్చి నన్ను బయటికి పంపింది. తర్వాత రోజు ఆయన ఫోనునుంచి పదకొండు నిమిషాల వాయిస్ వచ్చింది. నన్ను తిట్టి ఉంటాడనుకున్నాను. శుక్రవారం అందరిముందూ పెట్టి, అక్కడే జవాబు చెప్పాలని వినకుండా ఉంచాను. మంగళవారం ఆయన పోయాడు.

ఆయన శరీరం కోనసీమకు వెళ్ళిపోయింది. శుక్రవారం మూడింటికి ముగ్గురం కూర్చున్నాము. ఆసుపత్రి సంగతి నేనే చెప్పాను. చెల్లెలు నా మొహం మీదే అంది:

"పోయే మనిషి అడిగినాడు. ఒక్క మాట మార్చుంటే నీ సొమ్మేం పోయేదన్నా? ఏం మనిషివబ్బా నువ్వు!"

"అబద్ధం చెప్పి సాగనంపమంటావా?"

"అబద్ధం ఎట్లయితాది? నాది అని చెప్పి చెబితే అబద్ధం ఎట్లయితాదన్నా? ఆ రూలు పెట్టింది నువ్వే గదా!"

నేను తగ్గలేదు. ఆయనకు ముగింపులు నా దగ్గర అరువు తెచ్చుకునే గతి లేదన్నాను. నేను మారిస్తే, ఇది నీ మాట కాదని ఆయనే పట్టుకునేవాడన్నాను. అరిచాను కూడా. పైనుంచి ఎవరో తలుపు తీసి చూశారు. చూడనీ అన్నాను. కానీ అరుస్తూ ఉండగానే నాకు తెలిసింది. ఆరోజు నేను కాపాడుకున్నది నిజాన్ని కాదు, నా మొండితనాన్ని. ఇది రాయడానికి నాకేం సిగ్గు లేదు. ఆయన తప్పు రాసినప్పుడు నాది కూడా రాయాలి.

డ్రైవరు తమ్ముడు, "బాబాయ్, ముందు వాయిస్ పెట్టండి" అన్నాడు. పెట్టాను.

తిట్లు లేవు. ఆయాసపడుతూ, ఆగుతూ, నేను చెప్పిన సినిమానే మొదటినుంచి చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. ముసలివాడు తిన్న చోట ఏం తిన్నాడో కూడా చెప్పాడు. ఇనుము కొట్టు గేటు దగ్గరికి వచ్చి, ఊపిరి తీసుకుని, "ఇక్కణ్ణుంచి నాదండీ" అన్నాడు. "లారీని ఇంకా కొయ్యలేదండీ. వరసలో చివర్న నిలబెట్టేరు. ముసలాయన ఎక్కేడు. సీటు దులిపేడు. తాళం ఇన్నాళ్ళూ జేబులోనే ఉంది కదండీ, తీసేడు. పెట్టేడు. తిప్పేడు. తిప్పితే..."

అక్కడ నర్సు గొంతు వినిపించింది. "ఖలాస్, బాబా. మొబైల్ ఖలాస్." అంతే. ఆగిపోయింది.

ఎన్ని కథలకు ముగింపు పెట్టిన మనిషి! ఆయన దానికే లేకుండా పోయింది. చెల్లెలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంక ఖలాస్ అన్నా. ఇంగేముంది? వచ్చే వారంనుంచి కూర్చోవద్దులే. ఆయన లేకుండా ఏంటికి?"

ఆ మాట నేను ఒప్పుకోలేదు. ఖలాస్ అనడానికి నర్సమ్మ ఎవరు, చెల్లెలు ఎవరు, నేనెవరు? సగం ఉడికిన అన్నం వడ్డించకూడదని ఆయనే అన్నాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన చెప్పేటప్పుడు నిలబడేవాడు, అందుకని.

"ఇక్కడినుంచి నాది" అన్నాను.

ఫోను జేబులో పెట్టుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను.

"తిప్పితే ఇంజను పలకలేదు. మళ్ళా తిప్పినాడు. పలకలేదు. ముసలోడు ఏడవలేదు. గేటు దగ్గర పడిపోనూ లేదు. లారీ నడిపినోళ్ళు నాకు తెలుసు, ఒక తిప్పుకు బండి కదలకుంటే సచ్చిపోయేవాళ్ళు గాదు. దిగినాడు. చొక్కా చేతులు పైకి మడిచినాడు. బానెట్ ఎత్తినాడు. ఇనుము కొట్టోడు వచ్చి, టైం అయిపోయింది తాతా, యల్లా, అన్నాడు. తల బయటికి తియ్యకుండానే, పానా ఇట్లియ్యి, అన్నాడు ముసలోడు."

డ్రైవరు తమ్ముడు నావైపు చూశాడు. "స్టార్ట్ అయ్యిందా బాబాయ్?"

"ఇంకా చూస్తాండాడు" అన్నాను.

"ఇదేం ముగింపు?" అంది చెల్లెలు. "బాగలేదు."

"నీకేం తెలుసు?" అన్నాను. సాయంత్రం దాకా వాదించుకున్నాము.

మొన్న శుక్రవారం ఆమె గడపలో చెప్పులు విప్పుతూనే, సీరియలు సంగతి ఎత్తకుండా, లారీ కదిలిందా అని అడిగింది. లేదన్నాను. బానెట్ ఇంకా ఎత్తే ఉంది. ముసలివాడి చేతులు మోచేతుల దాకా నూనె. పానా ఆయన చేతిలోనే ఉంది.