గోటి మీద నిలిచిన పదును

వశిష్ఠ గోదావరి నీళ్ళు దోసిట్లో పట్టుకుని, తూర్పుకు తిరిగి చెబుతున్నాను: ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నరసాపురంలో నన్నెరిగినవాళ్ళు ఈ మాట వినగానే పక్కకు తిరిగి నవ్వుతారు. నవ్వనివ్వండి. మొసలికి తాంబూలమిచ్చి దాని వీపు మీద ఏరు దాటానని చెప్పింది నేనే, కాదనను. ఇది ఆ జాతి కథ కాదు.

మా కొట్లో తాళ్ళు, గాలాలు, దీపపు నూనె అమ్మేవాళ్ళం. ఒకసారి యానాం వెళ్ళి, పరాసువాళ్ళ, అంటే ఫ్రెంచివాళ్ళ, ఓడలో దిగిన మడత చాకులు అరడజను తెచ్చాను. కొమ్ము పిడి, కోసే అలుగు అందులోకి ముడుచుకునేది. అలుగు మీది సన్నని గాడిలో గోరు దూర్చి లాగితే తెరుచుకునేది. ఊళ్ళో ఎవరూ అలాంటిది చూసి ఎరగరు.

కొట్టుకు వచ్చేవాళ్ళలో సముద్రం మీద వల వేసే పడవకు పెద్ద ఒకాయన ఉండేవాడు. ఊరి కమ్మరి చేసిన కత్తి, గుడ్డ చుట్టి, ఎప్పుడూ ఆయన మొలలో ఉండేది. వల దిగేటప్పుడు తాడు మెలికపడి చేతికో కాలికో చుట్టుకుంటే ఊపిరి తీసేలోగా తెగ్గొయ్యాలి. లేకపోతే వల బరువు మనిషిని నీళ్ళలోకి లాక్కుపోతుంది. అందుకే కత్తి సంగతిలో ఆయన ఎవరి మాటా నమ్మేవాడు కాదు.

"ఇదేంటండి శెట్టిగారూ, నిద్దరోతున్న కత్తా?" అన్నాడు చాకును అటూ ఇటూ తిప్పి.

"లేపి చూడవయ్యా, నీ మీసం గొరిగేస్తుంది."

"మీసం నాకే కావాలండి. తాడు తియ్యండి."

అరుగు స్తంభానికి కొబ్బరిపీచు తాడు బిగించి కట్టాం. కొత్త తాడు కాదు; ఉప్పునీళ్ళలో నాని, పోగుల్లో ఇసుక ఇరుక్కున్నది. పదును తినేది ఆ ఇసుకే. పది కోతలకొకసారి ఆయన అలుగును బొటనవేలి గోటి మీద ఆనించేవాడు. జారితే పదును పోయినట్టు, కరుచుకుని నిలబడితే ఉన్నట్టు. కమ్మరి కత్తి ముప్ఫయ్యో కోతకు జారింది. మడత చాకు నూరు దాటినా నిలబడింది. నేనూరుకుంటానా? అలుగు తగిలి గాలి రెండుగా చీలిందనీ, ఒక ముక్క పాలకొల్లు వైపు, ఒక ముక్క సముద్రం వైపు పోయిందనీ చాటాను.

"పదునుకు తిరుగు లేదండి," అని ఒప్పుకుని ఆయన చాకును మొలలో దోపుకున్నాడు.

"ఎందుకైనా మంచిది, పాతదాన్ని కూడా ఉంచుకో," అన్నాను. వినలేదు.

వారం తిరక్కుండానే, వల దిగుతుంటే తాడు ఆయన ఎడమచేతి మణికట్టుకు చుట్టుకుంది. కుడిచేత్తో చాకు లాగాడు. తెరవడానికి రెండో చెయ్యేది? గాడిలో గోరు పెట్టబోతే తడికి జారింది. పళ్ళతో పట్టి లాగాడు. ఉప్పుకు కీలు బిగుసుకుపోయి పన్ను విరిగింది గాని అలుగు కదల్లేదు. పడవ అవతలి కొసన ఉన్నవాడు తన కత్తితో వచ్చి కోసేసరికి ప్రాణం దక్కింది. ఆ చెయ్యి మళ్ళీ తాడు పట్టలేదు.

కొట్టు ముందు నూరు కోతలు కోశాం గదా, తెరిచిన చాకుతోనే కోశాం. మూసినదాన్ని తడిచేత్తో, ఒంటిచేత్తో తెరవగలమా అని అంతమందిలో ఒక్కడికీ తోచలేదు.

గాయం మానాక ఆయన కొట్టుకు వచ్చాడు. చాకు బల్ల మీద పెట్టి "తెరవండి," అన్నాడు. రెండు చేతులతో బలవంతాన తెరిచాను. వంకరపోయిన ఎడమచెయ్యి నా ముందుకు చాపాడు.

"ఆనించండి గోటి మీద."

ఆనించాను. నిలబడింది.

"పదును పోలేదు కదండీ," అన్నాడు. "ఎలా పోతుందండి, సముద్రం మీద ఒక్క తాడైనా కొయ్యందే?"

ఇప్పటికీ రేవులో కనబడితే "బాగున్నారా అండి శెట్టిగారూ," అంటాడు. తిట్టినా బాగుండేది.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. గాలి చీలడం కాదు, అది మీకే తెలుసు. పాత కత్తి ఉంచుకోమని నేను అనలేదు. "దీన్నీ ఉంచుకుంటానండి, అలవాటైపోయింది," అన్నది ఆయనే. "నూరు కోతల చాకు ఉండగా ఈ ఇనపముక్కెందుకయ్యా, పడవ మునుగుతుంది!" అని నలుగురినీ నవ్వించి, ఆయన చేతిలోంచి లాక్కుని కొట్టు చూరులో దోపాను, వచ్చినవాళ్ళకల్లా చూపించడానికి. వారం రోజులు అందరూ బాగా నవ్వారు.