గడపకు కట్టిన దారం

రోడ్డువాళ్లు మా అరుగు మీద గోడ వారగా ఎర్ర రంగుతో గీత గీసి వెళ్లిన రోజునుంచే నాకు భయం పట్టుకుంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ గీత దాకా కొట్టేస్తారట. అంటే అరుగు మొత్తం పోతుంది, గడప దాటితే రోడ్డే. అప్పటికి మా వాడికి రెండేళ్లు నిండలేదు. హారన్ వినిపిస్తే చాలు, చేతిలో ఉన్నది పడేసి బయటికి పరిగెత్తేవాడు. అరుగు మెట్లు దిగడానికి తంటాలు పడుతుంటే నేను వెళ్లి పట్టుకునేదాన్ని. పైగా రోడ్డు బాగుపడితే ఎర్రగుంట్ల సిమెంటు లారీలు మా వీధిలోంచే పోతాయని అందరూ అన్నారు.

మాది నేతగాళ్ల వీధి. పొద్దున్నే గుంజలు పాతి, మగ్గానికెక్కించే పడుగు దారాలు వీధి పొడవునా సాచి, ఎండ ముదరకముందే గంజి పట్టిస్తారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను చీర ఎత్తిపట్టుకుని పడుగు మీంచి దాటబోతే మా అత్త కేకేసింది. పడుగును ఎవరూ దాటరు. చివరిదాకా నడిచి చుట్టి రావాలి. పత్తికొండలో టమోటాల మధ్య పెరిగిన నాకేం తెలుసు? ఇక్కడి పిల్లలకు మాటలు రాకముందే తెలుసు.

ఇంజనీరుగారు వీధికి వచ్చి, ఇబ్బందులుంటే చెప్పమన్నారు. మా మామ లేచాడు.

"రోడ్డు ఏసుకోండి సారూ. గుంజలు పాతేదానికి మాత్రం అంచులో బొక్కలు ఇడ్సండి."

"ఎవరైనా బొక్కలు పెట్టి రోడ్డు వేస్తారా పెద్దాయనా?"

"మీరు పెట్టకున్నా రెండు వానలకు పడేటియే గదా. అవేందో మాకు పనికొచ్చే తావున పెట్టండి."

వీధంతా నవ్వింది. ఆయనా నవ్వి రాసుకున్నారు. నేను మా ఇంటి ముందు స్పీడ్ బ్రేకర్ కావాలన్నాను.

"ఇంటింటికీ ఒకటి పెడితే రోడ్డు కాదమ్మా, మెట్లవుతాయి" అన్నారాయన. వీధి మొదట్లో ఒకటి పెడతామన్నారు.

రోడ్డు పడింది. మామ అడిగిన బొక్కలూ వచ్చాయి. అరుగు పోయింది. నేను రోజంతా తలుపు గొళ్లెం పెట్టి ఉంచేదాన్ని. కానీ మగ్గం ముందుగదిలోనే ఉంది. తలుపేస్తే వెలుతురు చాలక మామ దారం కళ్లకు దగ్గరగా పెట్టుకుని ముడి వేసేవాడు. నాలుగు రోజులు చూసి, అత్త తలుపు బార్లా తీసింది. నాలుగు పడుగు పోగులు పేని, గడప బయట రెండు మేకులకు మోకాలెత్తున అడ్డంగా కట్టింది.

"దారమా అత్తా? తెంపుకుని పోతాడు."

"యాడికీ పోడు. వాడు ఈ ఈదిలో పుట్టినోడు, నీ మాదిరి పత్తికొండలో కాదు. సూస్తాండు."

లారీ హారన్ మోగింది. వాడు పరిగెత్తాడు. నేను లేచేలోపే గడప మీద ఆగిపోయాడు. దారం ఎక్కడ అయిపోతుందో చూడటానికి అటూ ఇటూ తల తిప్పాడు. రెండు వైపులా గోడే. చుట్టి పోవడానికి దారి లేదు. అక్కడే నిలబడి లారీకి చెయ్యి ఊపాడు.

మర్నాడు నేను దారానికి ఇవతల ఒక చెక్క కూడా అడ్డం పెట్టాను. ఆ చెక్క ఎక్కి దిగడం వాడు రెండు రోజుల్లో నేర్చుకున్నాడు. దారం మాత్రం ఇంతవరకూ దాటలేదు.