మూడో నంబరు స్విచ్

మొన్న కామారెడ్డిలో మా మామ ఫోటో స్టూడియోకి కొత్త కంప్యూటర్ బిగించడానికి వచ్చినాయన, మూలనున్న పాత కంప్యూటరు డబ్బా ముందువైపు వరుసగా ఉన్న మూడు స్విచ్‌లను చూసి నవ్వి, ఇంకా ఎందుకు, పాతసామానోళ్లకు ఇచ్చెయ్యమన్నాడు. ఇవ్వనన్నాను. కారణం అడిగితే చెప్పలేదు. పెళ్లి వీడియోలు సీడీల్లో పంచుకున్న రోజులు గుర్తున్న మీకైతే చెప్పుకోవచ్చు.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోగానే మామ దగ్గర ఎడిటింగ్ పనిలో చేరాను. ఒక కంప్యూటరు, అందులో నాలుగు హార్డ్ డిస్కులు. ఒకదానిలో కంప్యూటరు నడిచే సరంజామా, ఒకటి రెండు మూడు అని నంబర్లు వేసిన మిగతా మూడింటిలో ఊళ్లవాళ్ల పెళ్లిళ్లు. పని ఒక్క డిస్కుతోనే ఉన్నా నాలుగూ పొద్దంతా తిరుగుతూనే ఉండేవి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నాలుగూ ఒక్కసారిగా గుర్రుమని లేచేవి. వేడి, అరుగుదల, దెబ్బ తినే అవకాశం, ఈ మూడూ కాగితం మీద రాసుకుని, అవసరమైన డిస్కుకే కరెంటు ఇవ్వాలని నిర్ణయించుకున్నాను.

డిస్కుకు వెళ్లే వైర్లు నాలుగు: పసుపు, ఎరుపు, రెండు నలుపు. పసుపులో పన్నెండు వోల్టులు, ఎరుపులో అయిదు. మొదట పసుపు ఒక్కటే తెంపి స్విచ్ పెట్టాను. డిస్కు తిరగడం ఆగింది కానీ దాని బోర్డు మేలుకునే ఉండటంతో, కంప్యూటరు దానికోసం వెతుకుతూ బిగుసుకుపోయింది. తప్పు నాదే. రేడియోలు బాగుచేసే దుకాణంలో ఆరు కాళ్ల స్విచ్‌లు తెచ్చి, పసుపు, ఎరుపు రెండు వైర్లూ ఒకేసారి తెగేలా అతికించి, సీడీ డ్రైవు పెట్టే ఖాళీ చోటి ప్లాస్టిక్ మూతకు బిగించాను. మామ వచ్చి చూసి, “ఇది కంప్యూటరా, బోరు మోటారు డబ్బానా రా?” అన్నాడు.

అంత పట్టుదల ఎందుకంటే, మూడో డిస్కులో ఎల్లారెడ్డిలో ఉండే మా పెద్దమ్మ కూతురి పెళ్లి ఉంది. ఆ పెళ్లి ఖర్చు మొత్తం తలకెత్తుకున్నది దుబాయిలో ఉన్న పెద్దమ్మ కొడుకు. సెలవు దొరక్క చెల్లె పెళ్లికే రాలేకపోయాడు. సీడీలు చేసిస్తానన్న మామ పనుల్లో పడి మరిచిపోయాడు. కెమెరా కార్డు మరో పెళ్లికి చెరిపేశాం. ఇక మిగిలింది ఆ డిస్కులో ఉన్నదొక్కటే. ఫోన్లో అన్న నన్ను అడిగింది ఒకటే, తను వచ్చేదాకా దాన్ని భద్రంగా ఉంచమని. ఉంచుతానని మాటిచ్చాను.

నా స్విచ్‌లకు శత్రువు కరెంటు కాదు, మా అత్త. స్టూడియో వెనకే ఇల్లు. మనిషి లేని గదిలో ఏ స్విచ్ కనబడినా ఆపకుండా ఆమె గడప దాటదు. ఒకరోజు నేను చాయ్ తాగి వచ్చేసరికి, ఎడిటింగ్ సేవ్ అవుతున్న రెండో డిస్కును ఆపేసి పోయింది. రాజంపేట పెళ్లి మీద మూడు రోజుల పని మట్టిలో కలిసింది. మామ ఆ స్విచ్‌లు పీకేయమన్నాడు. పీకనన్నాను. వాటికి మిఠాయి డబ్బా మూత తలుపులా అతికించి, పక్కన నియమాల కాగితం అంటించాను. మొదటిది, పని అయ్యాకే స్విచ్ ఆపాలి, అయ్యాక ఆపకుండా లేవరాదు. రెండోది, ఒకసారి ఒకటే డిస్కు. మూడోది, అత్త ముట్టుకోరాదు.

ఆమె ఆ కాగితం చదివించుకుని విని, నడుం మీద చేయి పెట్టుకుంది. “నా ఇంట్ల స్విచ్ బంద్ చెయ్యనీకి నీ పర్మిషన్ కావాల్నారా? ఉత్తగ కరెంటు కాల్తుంటే నా పానం కాల్తది. కాయితం కాదు, తాళమేసినా బంద్ చేస్త!”

అన్న సెలవు మీద వచ్చిన మర్నాడు, వీడియో ఒకసారి సరిచూసుకుని, అతన్ని తీసుకురావడానికి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఆ తొందరలో నా నియమాన్ని నేనే తప్పాను. మూడో స్విచ్ ఆపలేదు. ఇద్దరం తిరిగొచ్చేసరికి స్టూడియోలో కాలిన వాసన. మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చేటప్పుడు ఎక్కువగా వచ్చిందట. కంప్యూటరుకు కరెంటిచ్చే పెట్టె, బోర్డు, స్విచ్ లేని నాలుగో డిస్కు, మూడూ మాడిపోయాయి. అన్న చేతిలో సంచి కింద పెట్టడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

మిఠాయి డబ్బా మూత ఎత్తాను. మూడు స్విచ్‌లూ ఆపేసి ఉన్నాయి. వెనక తలుపులో అత్త. “ముట్టుకోవద్దంటివి గద. ముట్టుకున్న. ఏం జేస్తవ్?”

పక్క జిరాక్సు దుకాణం కంప్యూటరుకు తగిలిస్తే మూడో డిస్కు గుర్రుమని లేచింది. అన్న స్టూలు మీద కూర్చుని పందిరి వెయ్యడం నుంచి అప్పగింతల దాకా చూశాడు. భోజనాల బంతులు వచ్చినప్పుడు నేను ముందుకు జరపబోతే, “ఉండనియ్ తమ్మీ, ఎవరెవరు తిన్నరో సూస్త” అన్నాడు.

మూడో నియమాన్ని ఆరోజే నేను కొట్టేశాను. స్విచ్‌లను మాత్రం, కంప్యూటరు బాగుచేయించాక కూడా, మామ ఎన్నిసార్లు తిట్టినా తీయలేదు.

ఇప్పుడు పెళ్లి వీడియోలన్నీ ఇంటర్నెట్‌లో ఎక్కడో కనబడని చోట దాస్తున్నారు. భద్రమేనంటారు, కావచ్చు. కానీ అది ఎక్కడుందో, ఎప్పుడు ఆగుతుందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. ఆ కొత్త కంప్యూటరు మూత నిన్న విప్పాను. మూడు రంధ్రాలు పెట్టి స్విచ్‌లు బిగించాను. అత్తకిప్పుడు మోకాళ్ల నొప్పులు, స్టూడియో దాకా రాలేకపోతోంది. స్టూడియో కట్టేసే వేళకు ఇంటి లోపలి నుంచే అరుస్తుంది, బంద్ చేసినవా అని. చేశాననే అంటాను. అన్నాక వెనక్కి వెళ్లి, మూడో స్విచ్ ఇంకోసారి చూసుకుంటాను.