ఆరక్క ఏడో తూటా

ఆమె అసలు పేరు జీతాల పట్టికలో తప్ప ఎక్కడా వినిపించదు. బ్యాంకుల మధ్య డబ్బు పెట్టెలు చేరవేసే ఆ సంస్థలో డ్రైవర్ల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె ఆరక్కే. దానికి పెద్ద కథేం లేదు. రివాల్వర్‌లో పట్టేవి ఆరు తూటాలు. కాల్చేటప్పుడు ఆమె పెదవులు కదులుతాయి, ఒకటి, రెండు, మూడు అని. ఆరు అనగానే కుడి బొటనవేలు గడియ నొక్కుతుంది, ఎడమ చెయ్యి వెళ్ళి తూటాల చక్రాన్ని పట్టుకుంటుంది, పేలిన ఖాళీలు ఆరూ అరచేతిలో పడతాయి. వాటిని ఒక్కటి కూడా కింద పడనివ్వకుండా ఆయుధాల గదిలో అప్పజెబుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస.

డబ్బు బండిలో డ్రైవర్ పక్క సీటు ఆమెది. ఆ సీట్లో కూర్చునే మనిషి నడుముకు తుపాకి ఉండాలి, ఏటేటా గురి పరీక్ష నెగ్గాలి. మొదట్లో ఆమె ఆ సీటెక్కితే చూసి నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో కొందరు రిటైరయ్యారు, కొందరు మానేశారు, మిగిలినవాళ్ళు నవ్వడం మానేశారు. ఆరక్క మాత్రం సీటు దిగలేదు.

యాభై ఒకటో ఏట ఆమెకు పిస్టల్ వచ్చి పడింది.

రివాల్వర్లకు విడిభాగాలు దొరకడం లేదని, ఇక అందరూ పిస్టలే పట్టాలని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. పది రోజుల శిక్షణ, పదకొండో రోజు పరీక్ష. తప్పినవాళ్ళకు బండి లేదు. శిక్షణ ఇవ్వడానికి ఒకాయన దిగాడు. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. చొక్కా మడతలు ఎంత పదునుగా ఉన్నాయంటే, మధ్యాహ్నం అయ్యేసరికి అతనికి ఇస్త్రీ సార్ అని పేరు పెట్టేశారు. పేరు పెట్టింది ఆరక్కే అని ఒక వాడుక ఉంది. ఆమె కాదని ఎప్పుడూ అనలేదు.

ఆ పిస్టల్ ఏమంత కొత్త సరుకు కాదు. ఆ నమూనా పుట్టి ఎన్నో తరాలయింది. బల్లపరుపు ఇనుము, పిడికి చెక్క పలకలు, చేతిలో పట్టుకుంటే నిండుగా ఉంటుంది. ఆయుధాల గది చూసుకునే నూనె బాబాయ్ అయితే దాన్ని గుడ్డతో తుడుస్తూ, "తల్లీ, ఇన్నాళ్ళకు వచ్చావా" అని ముద్దుచేశాడు. ఆయన చేతులకు నూనె మరక వదిలిన రోజు లేదు, అందుకే ఆ పేరు. ఆరక్కకు మాత్రం అది మొదటి చూపులోనే నచ్చలేదు. తిరిగే చక్రం లేదు, తూటాలు కంటికి కనబడవు, పిడి లోపలి మ్యాగజైన్‌లో దాక్కుని ఉంటాయి. కంటికి కనబడనిదాన్ని నమ్మడం ఆమెకు చేతకాదు.

మొదటి రోజు కాల్పుల గదిలో ఆమె వంతు వచ్చింది. రివాల్వర్ పట్టినట్టే పట్టింది, ఎడమ బొటనవేలు కుడి చేతి వెనకగా అడ్డం వేసి. ఇరవై రెండేళ్ళ అలవాటు మరి. మొదటి తూటా పేలగానే పిస్టల్ పైతొడుగు విసురుగా వెనక్కి వచ్చి ఆ వేలి మీద తోలు లేపేసింది. రక్తం కారుతుండగానే రెండు, మూడు, నాలుగు. ఖాళీలు కుడివైపు ఎగిరి పడుతున్నాయి, గింజలు పొర్లినట్టు. ఆమెకు ఒళ్ళు మండింది. అయిదు. ఆరు.

ఆరు అనగానే బొటనవేలు గడియ కోసం వెతికింది. గడియ లేదు. ఎడమ చెయ్యి చక్రం కోసం వచ్చింది. చక్రమూ లేదు. సరే, అయిపోయింది కదా అని ఆమె పిస్టల్‌ను బల్ల మీద పెట్టి, వేలికి జేబురుమాలు చుట్టుకుంటూ వెనక్కి తిరిగింది.

"ఎవరూ కదలొద్దు. ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు" అన్నాడు ఇస్త్రీ సార్. గొంతు చాలా మెల్లగా ఉంది, అందుకే అందరూ బిగుసుకుపోయారు.

పిస్టల్‌లో పట్టేవి ఏడు. ఏడోది లోపలే ఉంది. సుత్తి ఎక్కి ఉంది, పేలకుండా ఆపే మీట వేసి లేదు. దాని మూతి, పక్క వరసలో నిల్చున్న ఆమె బండి డ్రైవర్ పొట్టకేసి చూస్తోంది. ఇస్త్రీ సార్ వచ్చి, దాన్ని గురి కాగితాలున్న గోడ వైపు తిప్పి, మ్యాగజైన్ ఊడదీసి, లోపలున్న ఆ ఒక్క తూటానూ బయటికి లాగి ఆమె ముందు పెట్టాడు.

ఆరక్కకు తల కొట్టేసినట్టయింది. రివాల్వర్ చేతపట్టిన నాటి నుంచి ఎవరూ ఆమెను జాగ్రత్త అని కూడా అనాల్సిన పని రాలేదు. డ్రైవర్ మొహం చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఇది మీ వయసు వాళ్ళకు ఎక్కేది కాదమ్మా" అన్నాడు ఇస్త్రీ సార్, కాగితం మీద ఏదో రాసుకుంటూ.

"తప్పు నాది సార్" అంది ఆరక్క. "నా వయసుది కాదు."

సాయంత్రం మేనేజర్ పిలిపించాడు. మంచివాడే, చెడ్డ మాట ఒకటి రాదు నోట్లోంచి. అదే చిక్కు. లోపలి ద్వారం దగ్గర అద్దాల గదిలో కుర్చీ ఖాళీగా ఉందట. వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకోవడమే పని. ఫ్యాను నెత్తిమీదే. ఎండా వానా లేవు.

"ఇన్నేళ్ళు కష్టపడ్డారు. ఇక హాయిగా కూర్చోండమ్మా" అన్నాడు.

"కూర్చోవడం నాకు తెలుసు సార్. ఇరవై రెండేళ్ళుగా బండిలో కూర్చునే ఉన్నా" అంది ఆమె. "పరీక్ష అయ్యాక మాట్లాడదాం."

"పరీక్షలో పోతే బాగుండదు కదా. నలుగురిలో."

"పోతే నలుగురిలోనే పోతాను."

మేనేజర్ పెన్ను మూత పెట్టేశాడు. ఆమె నమస్కారం పెట్టి బయటికి వచ్చింది. ఆ సీటు పోతే తనలో ఇక ఏం మిగులుతుందో ఆమెకు తెలియదు. ఆ భయాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు, మొగుడికి తప్ప.

మొగుడు దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. ఎక్కువగా కుట్టేది యూనిఫారాలు. కుట్టు మిషను మీంచి తలెత్తకుండా మొత్తం విన్నాడు.

"అయితే నీ గొడవ గురితో కాదన్నమాట" అన్నాడు చివరికి.

"గురి ఎక్కడికి పోతుందండీ. ఆరూ గురి కాగితం నల్ల గుండ్రంలోనే పడ్డాయి."

"మరింకేం. చేతికి ఆరు దాకానే వచ్చు. ఏడు నేర్పు."

"ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు చెప్తున్నారు."

"ఆ పిల్లయితే ఇంత గొడవ చెయ్యదు, నేర్చేసుకుంటుంది" అని, పక్కనున్న చొక్కాల మోపు ఆమె ఒళ్ళోకి తోశాడు. చొక్కాకు ముందు పట్టీ మీద గుండీలు ఏడు. "వేలికి కట్టు ఉందని సాకు చెప్పకు. ఎడమ చెయ్యేగా."

ఆరక్క ఆయన్ని నాలుగు తిట్టి సూది అందుకుంది. మొదటి రెండు రోజులూ ఆరో గుండీ కుట్టగానే చెయ్యి దారం తెంపెయ్యబోయేది. ఆయన మిషను ఆపి చూసేవాడు, ఆమె చురచుర చూసి ఏడోది కుట్టేది. తర్వాత మెట్లెక్కుతూ ఏడు, గిన్నెలు సర్దుతూ ఏడు, బట్టలకు క్లిప్పులు పెడుతూ ఏడు. ఆయనకు ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు అందాలన్నా ఏడు లెక్కపెట్టాకే అందేది.

మధ్యాహ్నం భోజనం వేళ నూనె బాబాయ్ గదిలో ఉత్తుత్తి తూటాలతో సాధన. పేలవు, లోపల మందు ఉండదు.

"ఎందుకమ్మాయ్ ఆ లెక్క?" అన్నాడాయన ఒకరోజు. "దీనికి అక్కర్లేదు. తూటాలు అయిపోతే పైతొడుగు వెనక్కి పోయి అక్కడే ఆగిపోతుంది. నోరు తెరిచి అదే చెప్తుంది."

"దానికి తెలిస్తే చాలా బాబాయ్? నాకు తెలియొద్దా?"

"మిగతావాళ్ళెవరూ లెక్కపెట్టడం లేదు."

"వాళ్ళ సంగతి నాకెందుకు."

బాబాయ్ నవ్వాడు. అయితే ఒక్క మాట ఆమె ఒప్పుకోక తప్పలేదు. దీని ట్రిగ్గర్ మహా సుతారం. రివాల్వర్ ట్రిగ్గర్‌ను అంత దూరం అంత బరువుతో లాగిన వేలికి ఇది గాజుపుల్ల విరిగినంత తేలిక. నాలుగో రోజుకు ఆమె బొటనవేళ్ళు రెండూ ఒకే పక్కకు వచ్చాయి. ఆరో రోజుకు మీట వెయ్యడం చేతికి పట్టింది. ఎనిమిదో రోజు ఆమెకు ఈ పిస్టల్ మీద కోపం పోయింది. ఆ సంగతి మాత్రం బాబాయ్‌కి తెలియనివ్వలేదు.

పరీక్ష రోజు పన్నెండు మంది. ఒక్కొక్కరికి రెండు మ్యాగజైన్లు, ఏడూ ఏడూ పద్నాలుగు తూటాలు. పన్నెండు నల్ల గుండ్రంలో పడాలి. తొందరగా తేలిపోవాలని ఇస్త్రీ సార్ తనే కూర్చుని మ్యాగజైన్లన్నీ నింపి వరసగా పెట్టాడు. ఖాళీలు లెక్కన అప్పజెప్పాలి కాబట్టి ఒక్కొక్కరి వంతు అవ్వగానే నూనె బాబాయ్ నేల ఊడ్చి, ఏరి, డబ్బాలో వేసుకుంటున్నాడు. ఆరక్కది చివరి వంతు. మేనేజర్ కూడా వచ్చి వెనక గోడ పక్కన నిలబడ్డాడు.

మొదటి మ్యాగజైన్. ఒకటి, రెండు. మూడోది కొంచెం ఎడమకు లాగిందని వేలు కదిలినప్పుడే ఆమెకు తెలిసిపోయింది. నాలుగు, అయిదు, ఆరు. చెయ్యి ఆగలేదు. ఏడు. పైతొడుగు వెనక్కి వెళ్ళి ఆగింది. మ్యాగజైన్ మార్చింది. ఒకటి, రెండు. మూడోది మళ్ళీ తప్పింది, ఈసారి కిందికి. నాలుగు, అయిదు, ఆరు.

పైతొడుగు వెనక్కి వెళ్ళి ఆగిపోయింది.

ఆరక్క పిస్టల్‌ను గోడ వైపే పెట్టి, మ్యాగజైన్ ఊడదీసి, లోపల వేలుపెట్టి చూసి, అప్పుడు బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ సార్ వెళ్ళి కాగితం గురిని పట్టుకొచ్చాడు.

"గుండ్రంలో పదకొండు. ఒక్కటి తక్కువమ్మా" అన్నాడు. వెటకారం ఏమీ లేదు, నిజంగానే బాధపడుతున్నట్టు అన్నాడు. "మూడు తప్పాయి."

"తప్పింది రెండు సార్. మూడోది, పదోది. రెండో మ్యాగజైన్‌లో ఆరే ఉన్నాయి."

"నేనే నింపాను."

"మీరే నింపారు. ఆరు నింపారు."

"గోడకు తగిలుంటుంది. ఆ జోరులో మీకు తెలీదు."

"తెలుసు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు, ఆరక్కకు ఆరే కనబడతాయి అని. అది విని ఆమె చెవులు వేడెక్కాయి. తొలిరోజు తప్పు చేసిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? తననే అడిగితే తానూ నమ్మకపోయేదేమో. అయినా ఆమె అక్కణ్ణుంచి కదలలేదు.

"బాబాయ్, ఖాళీలు లెక్కపెట్టు" అంది.

నూనె బాబాయ్ అప్పటికే మోకాళ్ళ మీద ఉన్నాడు. బల్ల కింద, గోడ వార, ఇసుక బస్తాల సందున వెతికాడు. ఒక్కొక్కటే తెచ్చి బల్ల మీద నిలబెట్టాడు. పదమూడు. మళ్ళీ వెతికాడు. మళ్ళీ పదమూడే. తూటాల పెట్టె తెరిచి చూశాడు. అన్నీ పోగా అడుగున మిగలకూడనిది ఒకటి మిగిలి ఉంది.

ఇస్త్రీ సార్ మొహం కందిపోయింది. మేనేజర్ చప్పున ముందుకు వచ్చాడు.

"పోనీలెండి, పొరపాటు మనది. పాస్ అని రాసెయ్యండి. ఇన్నేళ్ళ సర్వీసు" అన్నాడు.

"రాయొద్దు సార్" అంది ఆరక్క.

"అయితే రేపు మొత్తం మళ్ళీ పెడతాను" అన్నాడు ఇస్త్రీ సార్.

"అదీ వద్దు. నేను కాల్చిన పదమూడూ నావే. బాగున్నవీ నావే, తప్పినవీ నావే. నా తూటా ఒకటి పెట్టెలో ఉంది, అది నాకివ్వండి."

"ఒక్కటే. అది తప్పితే మరి..." మేనేజర్ మాట పూర్తి చెయ్యలేదు.

"తప్పితే రేపు పొద్దున అద్దాల గదిలో ఉంటాను. మీరు పిలవక్కర్లేదు."

ఇస్త్రీ సార్ ఆ ఒక్క తూటానూ మ్యాగజైన్‌లో పెట్టి, ఆమెకు కనబడేలా పైకెత్తి చూపించి, ఇచ్చాడు. పాత గురి కాగితం మళ్ళీ కట్టారు. ఆరక్క నిలబడింది. ఆమె భయపడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. అరచేతులు చెమర్చాయి. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ పట్టుకుంది. పెదవులు కదిలాయి.

"ఏడు" అంది, ఈసారి పైకే.

కాగితం తీసుకురావడానికి ఇస్త్రీ సార్ నడిచి వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కొంచెం వేగంగా వచ్చాడు. గుండ్రం నడిబొడ్డుకు వేలెడు దూరంలో కొత్త చిల్లు. డ్రైవర్ గట్టిగా ఊపిరి వదిలాడు. బాబాయ్ పద్నాలుగో ఖాళీని ఏరి వరసలో నిలబెట్టాడు.

ఇస్త్రీ సార్ సంతకం పెట్టాడు. పెట్టి, కాగితం ఇవ్వబోతూ ఆగాడు.

"పరీక్షలో, అంత కంగారులో, నిజంగా లెక్కపెడుతూనే ఉన్నారా?"

"మీరు పెట్టలేదు కదా సార్" అంది ఆరక్క. "ఎవరో ఒకరు పెట్టాలి."

కాగితం తీసుకుని, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుంది. మర్నాడు పొద్దున బండి బయల్దేరేటప్పటికి ఆమె డ్రైవర్ పక్కన కూర్చుని ఉంది.