కార్బన్ గుడ్డ మీద నా ఐదు వేళ్లు

ఇరవై మూడేళ్ల వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజుల్లో ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని, వారమంతా వాటితో జనం మూఢనమ్మకాలను చీల్చి చెండాడేవాణ్ణి (జనం అడగకపోయినా). అప్పుడే నాంపల్లి స్టేషన్ వెనక సందులో, కృత్రిమ పాదాలకు కార్బన్ పలకలు చేసే చిన్న వర్క్‌షాపులో మూడు నెలల ట్రయల్ మీద ఉద్యోగం దొరికింది. అక్కడి పలకలు పొరలు పొరలుగా ఊడిపోతున్నాయి. కార్బన్ పోగు మరీ నునుపు, ఎపాక్సీ జిగురు దాన్ని పట్టుకోదు. గుడ్డను వేడి నైట్రిక్ యాసిడ్‌లో నానబెట్టి, ఆమ్లం పోయేదాకా కడిగి ఆరబెడితే పోగు పైపొర మారి జిగురు పట్టుకుంటుందని నేను సలహా ఇచ్చాను. "సరే చెయ్. గీసారి గూడ ఊడినయంటే రేపటి సంది రాకు," అన్నాడు మా సేఠ్.

యాసిడ్ పని బాగానే అయింది. ఆరిన గుడ్డ పొరలతో ఒక పలక నేనూ, ఒకటి అక్కా పేర్చాలి. (వర్క్‌షాపులో అందరికన్నా పాత మనిషి, అందరికీ అక్కే.) ఆమె పొరల్ని అదిమే ప్రెస్సుకు కుంకుమ బొట్టు పెట్టి, చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుంది. నాకు ఒళ్లు మండింది.

"అక్కా, పొరల్ని అంటించేది కుంకుమ కాదు, రసాయనశాస్త్రం!"

"ఔ తమ్మి. జర గ్లౌజులు ఏస్కో."

"ముందు జవాబు చెప్పు. బొట్టు పెట్టకపోతే ప్రెస్సు పనిచెయ్యదా?"

"ఎందుకు చెయ్యదు? నా మనసు ఊకోదు, గంతే. గ్లౌజులు ఏస్కోరాదు!"

వాదన వేడెక్కితే జుట్టు వెనక్కి తోసుకోవడం నా అలవాటు. (ఆ జుట్టుకు రోజూ పొద్దున మా అమ్మ కొబ్బరినూనె పట్టించేది.) అలా తోసుకున్న చేత్తోనే, "చూపించు, ఇందులో ఎక్కడుంది దేవుడు?" అంటూ నా గుడ్డ మీద చరిచాను.

అక్క నా చేతివంక చూసి, "గా పొర పక్కకెయ్ తమ్మి," అంది మెల్లగా.

"బొట్టు లేదని భయమా?" అన్నాను గెలిచినవాడిలా, ఆ పొరనే నా పలకలో పేరుస్తూ.

మర్నాడు సేఠ్ ముందు రెండు పలకలనూ వంచి చూశాం. అక్క పలక విల్లులా వంగి, మళ్లీ లేచి నిలబడింది. నాది వంగుతూనే చిటపటమంది. టప్‌మని రెండుగా విచ్చుకుంది. లోపల, నల్లగా మెరుస్తూ, అచ్చుగుద్దినట్టు నా ఐదు వేళ్లు!

"గిది ఎవలిది?" అన్నాడు సేఠ్.

"నేనే పెట్టిచ్చిన సేఠ్," అంది అక్క. "ఒకటి చెయ్యి తగల్నిది, ఒకటి జిడ్డు చెయ్యి తగిలింది. ఏది ఆగుతదో చూద్దామని. సైన్సంటే గట్లనే గద తమ్మి?"

సేఠ్ ఆ వేళ్ల గుర్తులు చూశాడు, తర్వాత నా తల చూశాడు. "సైన్సు అయిపోయింది గద, ఇగ తల కడుక్కొని రా," అన్నాడు. సత్యం కోసం గొంతు చించుకునే నేను ఆ అబద్ధం దగ్గర నోరు మెదపలేదు. ఉద్యోగం నిలిచింది.

బొట్టు మీద నా అభిప్రాయం ఈనాటికీ మారలేదు. వేదికల మీద వాదన వేడెక్కితే చెయ్యి ఇప్పటికీ నెత్తి మీదికే పోతుంది. అక్కడిప్పుడు జుట్టూ లేదు, నూనే లేదు. అయినా ఎదుటివాడివైపు వేలు చూపించే ముందు, ఆ చెయ్యి ఒకసారి జేబురుమాలుకు తుడుచుకుంటాను.