హాజరు కొన్న ఊరు

తాను ధనవంతురాలినన్న సంగతి నెల్డా స్ట్రౌబ్‌కి అరవై దాటాక తెలిసింది. తెలిసిన క్షణంలో ఆమె టక్ హోలబా భార్య జుట్టుకి చుట్టలు చుడుతోంది.

కబురు మోసుకొచ్చినవాడు రాయ్స్ పెటిట్. కాటర్ వెల్స్ బడికి సూపరింటెండెంటు. బస్సు డ్రైవరుకి జ్వరమొస్తే డ్రైవరూ ఆయనే. టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఎవరో పోయారని చెప్పడానికి వచ్చినవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు.

"మిస్ నెల్డా, మనల్ని సంపన్నుల్లో కలిపేశారు."

"ఎవర్ని?"

"మనల్నే. మన బడిని."

నెల్డా అద్దంలోంచే అతన్ని ఎగాదిగా చూసింది. "పొద్దున్నే తాగొచ్చావా రాయ్స్?"

"లేదు మేడమ్. రాజధానిలో, ఆస్టిన్‌లో లెక్కలు కట్టారు. ఇకనుంచి మన పన్నులో కొంత బీద ఊళ్ళ బళ్ళకి పంపాలి."

పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, కాటర్ వెల్స్‌కి ఆ పేరు కూడా లేదు. పశ్చిమ టెక్సస్‌లో పత్తి చేలూ పశువుల కంచెలూ ఉన్న ఊళ్ళలో అదొకటి. నెల్డా తండ్రి జిన్నింగు మిల్లులో పత్తి తొక్కినవాడు. మొగుడు ఎల్మర్ ట్రాక్టర్లు బాగుచేస్తూ ఒక ట్రాక్టరు కిందే ప్రాణం వదిలాడు. మూతబడ్డ పెట్రోలు బంకుని నెల్డా జుట్టు దుకాణంగా మార్చుకుంది. ఉన్న రెండు కుర్చీల్లో ఒకటి దివాలా తీసిన పళ్ళ డాక్టరు దగ్గర కొన్నది. అందులో కూర్చున్నవాళ్ళు అలవాటుకొద్దీ ఇప్పటికీ నోరు తెరుస్తారు. వాళ్ళు తెరిచిన నోరు మూయకపోవడం నెల్డా వ్యాపారానికి మూలధనం. ఊళ్ళో ఏ సంగతైనా ముందు ఆ కుర్చీ దాటాకే చర్చికి చేరేది.

బడి బోర్డులోకి ఆమె వెళ్ళడం కూడా అలాగే జరిగింది. పిల్లల తలల్లో పేలు పడ్డాయని దెబ్బలాడటానికి వెళ్ళింది. అంత బాధగా ఉంటే నువ్వే కూర్చో అన్నారు. కూర్చుంది. ఆ తర్వాత ఎదురు నిలబడ్డవాళ్ళు లేక, ఏళ్ళు గడిచేసరికి అధ్యక్షురాలైంది. జీతం లేదు, భత్యం లేదు. తిట్లు మాత్రం వేళ తప్పకుండా అందేవి.

"అసలు మనకి ఆస్తెక్కడిదయ్యా?" అంది నెల్డా.

"గ్యాసు ప్లాంటు."

కౌంటీ దక్షిణపు కొసన, గొట్టాలూ మంటా తప్ప మనిషి కనబడని చోట ఆ ప్లాంటు ఉంది. దాని యజమానులు హ్యూస్టన్‌లో ఉంటారు. పనివాళ్ళు ఎక్కడెక్కడినుంచో ట్రక్కుల్లో వచ్చి, మధ్యాహ్నం తినే రొట్టె కూడా ఇంటినుంచే తెచ్చుకుని, పొద్దుగూకేసరికి వెళ్ళిపోతారు. కానీ అది నిలబడ్డ నేల కాటర్ వెల్స్ బడి కిందికి వస్తుంది. ఊళ్ళో ఉన్న ఆస్తినంతా బడిపిల్లల తలల మీద పంచి చూస్తే, ఒక్కొక్క తలకీ పడ్డ భాగం ఆస్టిన్ దొరలకి కళ్ళు తిరిగేంత వచ్చిందట.

"మనకి పిల్లలు తక్కువ కదా మేడమ్, అందుకని..."

"అంటే ఇంకో రెండు కుటుంబాలు ఊరు విడిచిపోతే ఇంకా ధనవంతులమైపోతామా?"

"లెక్క ప్రకారం అంతే."

"ఆఖరికి ఒక్క పిల్లే మిగిలితే అమెరికా మొత్తానికి మహారాణి అవుతుందన్నమాట." చుట్టకి పిన్ను గట్టిగా గుచ్చింది. కుర్చీలో ఉన్నావిడ కెవ్వుమంది.

అసలు గొడవ డబ్బు పంపడం గురించి కాదు, దానికి పెట్టిన పేరు గురించి. జనం ముందు వోటుకి పెట్టాలని చట్టం. వోటు కాగితం మీద 'రాష్ట్రం దగ్గర హాజరు కొనుగోలు చేయుటకు బోర్డుకు అధికారమిచ్చుట' అని ఉంటుంది. అవుననో కాదనో గుర్తు పెట్టాలి.

"ఎవరి హాజరు కొంటాం?" అడిగింది నెల్డా.

"ఎవరిదీ కాదు. బళ్ళకి రాష్ట్రం డబ్బు లెక్కగట్టేది పిల్లల హాజరు మీద కదా, అందుకని అదొక మాట."

"ఉత్త మాటకి డబ్బెందుకిస్తాం?"

రాయ్స్ టోపీని ఒక చుట్టు తిప్పాడు. "ఇచ్చామంటే చట్టం ఒప్పుకోదు మేడమ్. లాక్కున్నారంటే జనం ఒప్పుకోరు. అందుకని కొన్నామని చెప్పమంటున్నారు."

మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. ఆస్టిన్ వాళ్ళు మనచేత ఎవరి పిల్లల్నో కొనిపిస్తున్నారట అన్నారు. కాదు, మన పిల్లల్ని అమ్మేస్తున్నారట అన్నారు ఇంకొందరు. సాయంత్రానికి టక్ హోలబా పాత చెక్కపలకలు ట్రక్కులో వేసుకొచ్చాడు. టక్‌కి పశువులున్నాయి, భూములున్నాయి, అన్నిటికంటే ఎక్కువగా గొంతు ఉంది. నెల్డాతో ఒకటో తరగతినుంచీ ఒకే బడిలో చదివినవాడు.

"ఏమంటావే నెల్డా? అధ్యక్షురాలివి కదా."

"వద్దంటాను. బడి కప్పు కారుతుంటే వంటగదిలో గిన్నెలన్నీ తెచ్చి తరగతుల్లో పెడుతున్నాం. మేం కొనేదేంటి, మాకే ఎవరన్నా కొనిపెట్టాలి."

అంతే. టక్ ఎర్రరంగుతో పలకల నిండా రాశాడు. ఇంగ్లీషులో ఆ రాత రెండే మాటలు: 'వోట్ నో'. వద్దని వోటెయ్యండి అని. హైవే పొడుగునా కంచె కంచెకీ ఆ పలకలు వెలిశాయి. నెల్డా తన దుకాణం ముందు ఒకటి కాదు, రెండు పాతించుకుంది.

ఆ దుకాణంలో రెండో కుర్చీ దగ్గర పనిచేసేది ఒఫీలియా కాంతూ. మెక్సికో సరిహద్దున రియో గ్రాండే నది ఒడ్డునున్న ఊరినుంచి పెళ్ళయి వచ్చింది. తలలు కడిగేటప్పుడు తక్కువ మాట్లాడి ఎక్కువ వింటుంది. పలకలు పాతిన రోజున మాత్రం మాట్లాడింది.

"మిస్ నెల్డా, మీరు కొనొద్దంటున్న హాజరు నాలాంటివాళ్ళది."

"నీదెందుకవుతుంది?"

"మా ఊళ్ళో ప్లాంట్లు లేవు, ఉల్లితోటలే. బడికి గదులు చాలక రేకుపెట్టెల్లాంటి షెడ్లలో చదువు చెప్పేవారు. ఎండాకాలం లోపల కూర్చుంటే మేమే ఉడికిపోయేవాళ్ళం. ఉన్నట్టుండి ఒక ఏడాది గోడలున్న గదులొచ్చాయి, లైబ్రరీ వచ్చింది. డబ్బెక్కడిదో మాకు తెలీదు. ఇప్పుడు మా తమ్ముడు రొహేలియో అక్కడే రెండో తరగతికి పాఠాలు చెప్తున్నాడు."

"కనీసం థాంక్స్ అయినా చెప్పాల్సింది."

"ఎవరికి చెప్పాలండీ? ఎవరిచ్చారో మాకు చెప్తేగా?"

నెల్డా చీపురు అందుకుంది. ఆ రోజు రెండుసార్లు ఊడ్చింది.

వారం తిరక్కుండా రాయ్స్ మళ్ళీ వచ్చాడు. ఈసారి టోపీ తీయడం కూడా మరిచిపోయాడు.

"లాయరు దగ్గరికి వెళ్ళొచ్చాను. వద్దని గెలిస్తే ఏమవుతుందో తెలుసా మేడమ్? ప్లాంటుని మన బడి కిందనుంచి తీసేస్తారు."

"ప్లాంటుని లేపుకుపోతారా?"

"ప్లాంటు అక్కడే ఉంటుంది. బడి హద్దు గీత జరుపుతారు. దాని పన్నంతా ఇంకో బడికి పోతుంది, శాశ్వతంగా. మనకి పత్తి చేలు మిగుల్తాయి."

"ఏ బడికి?"

"దగ్గర్లో ఉన్న బీద బడికి. లాయరు అంచనా ప్రకారం..." అప్పుడు గుర్తొచ్చి టోపీ తీశాడు. "ప్రూయెట్‌కి."

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నెల్డా పళ్ళ డాక్టరు కుర్చీలో కూలబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

ప్లాంటు పోతే బడి ఏడాది నడవదు. పిల్లల్ని బస్సెక్కించి ప్రూయెట్‌కే పంపాలి. బడి పోయిన ఊరు ఏమవుతుందో నెల్డాకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె తల్లి పుట్టిన ఊరు టోలివర్. బడి మూశాక ముందు పోస్టాఫీసు పోయింది, తర్వాత కిరాణా కొట్టు పోయింది, ఇప్పుడు రైలుకట్ట పక్కన ఆ పేరున్న పలక ఒక్కటే మిగిలింది. దానిమీదా ఎవరో తుపాకీ గురి చూసుకున్నారు.

మర్నాడు తెల్లవారగానే నెల్డా జుట్టురంగు డబ్బా, కుంచె కారులో పెట్టుకుని హైవే మీదికి బయలుదేరింది. టక్ రాసిన రెండో మాటలో ఇంగ్లీషు అక్షరాలు రెండే, ఎన్, ఓ. పక్కన మూడో అక్షరంగా డబ్ల్యూ తగిలిస్తే 'నో' కాస్తా 'నౌ' అవుతుంది. వద్దని వోటెయ్యండి అన్న పలక, ఇప్పుడే వోటెయ్యండి అంటుంది. ఎర్రటి రెండక్షరాల పక్కన బూడిద కలిసిన గోధుమరంగు అక్షరం, నలభై దాటిన ఆడవాళ్ళు ఎక్కువగా అడిగే రంగు, కంచె కంచెకీ చేరింది.

ఆరో పలక దగ్గర టక్ ట్రక్కు వచ్చి ఆగింది.

"ఏంటే ఇది? నా పలకలకి మీసాలు పెడుతున్నావా?"

"సాయంత్రం బడి భోజనశాలకి రా. చెప్తాను."

"ఆస్టిన్ వాళ్ళు నిన్ను కూడా కొనేశారా?"

"నన్ను కొనేంత డబ్బు వాళ్ళ దగ్గర లేదురా. అందుకేగా మనల్ని అడుగుతున్నారు. తప్పుకో, ఇంకా చాలా ఉన్నాయి."

సాయంత్రం భోజనశాల నిండిపోయింది. పిల్లలు కూర్చునే పొట్టి బల్లల దగ్గర పెద్దవాళ్ళు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఎవరో తెచ్చిన పీకాన్ గింజల తీపిరొట్టె ముక్కలు చేతులు మారుతున్నాయి. నెల్డా ఎత్తొద్దన్న ప్రూయెట్ సంగతి తప్ప రాయ్స్ చెప్పాల్సిందంతా చెప్పాడు. చెప్పేకొద్దీ జనానికి తెలిసింది తగ్గిపోయింది.

టక్ లేచాడు. "ఒక్క ముక్క అడుగుతాను, అవునో కాదో చెప్పు రాయ్స్. మనమిచ్చే డబ్బు బీద పిల్లలకి చేరుతుందా?"

"రాష్ట్రం ఖజానాకి చేరుతుంది. అక్కణ్ణుంచి అన్ని బళ్ళకీ పోతుంది. కాకపోతే... మనం ఎంత ఇస్తే అంత మేరకి రాష్ట్రం తన జేబులోంచి తీయక్కర్లేకుండా పోతుంది."

"అయితే మనం పోషించేది పిల్లల్నా, రాష్ట్రాన్నా?"

"దానిమీద చాలా ఏళ్ళుగా వాదులాడుకుంటున్నారు."

"ఎవరు?"

"చదువుకున్నవాళ్ళు."

భోజనశాల గొల్లుమంది. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఇదే. కాకపోతే ఇక్కడ అత్త ఎవరో, అల్లుడెవరో తేల్చడానికి కూడా ఒక కమిటీ కావాలి.

నెల్డా లేచింది. ఒఫీలియా చెప్పిన రేకుపెట్టెల చదువు గురించి చెప్పింది. ఉల్లితోటల గురించి చెప్పింది. వాళ్ళు కూడా టెక్సస్ పిల్లలే కదా అంది. జనం మర్యాదగా విన్నారు. చర్చిలో విన్నట్టు విన్నారు, అంటే రొట్టె ముక్కలు నములుతూ, గడియారం చూస్తూ. వెనకనుంచి ఒకాయన "దేవుడు వాళ్ళని చల్లగా చూడాలి" అన్నాడు. చూసే భారం దేవుడి మీద పెట్టేశాక ఇక మనుషులకి పనేముంటుంది?

చివరి వరసలో నిలబడ్డ ఒఫీలియా తల దించుకోవడం నెల్డా చూసింది. టోలివర్ పలక కళ్ళముందు కదిలింది. చెప్పకూడదనుకున్నది చెప్పేసింది.

"సరే. కానీండి. వద్దనండి. ప్లాంటు ప్రూయెట్ వాళ్ళకి పోతుంది."

నమలడం ఆగిపోయింది.

"ఎవరికీ?" అన్నాడు టక్.

"ప్రూయెట్‌కి. శాశ్వతంగా. మన పిల్లలు ఆ బడికే పోవాలి. మీ మనవడు ప్రూయెట్ జెర్సీ వేసుకుని ఫుట్‌బాల్ ఆడతాడు టక్. ఆకుపచ్చదీ."

ప్రూయెట్ పక్కూరే. అక్కడా ఇలాంటి చేలే, ఇలాంటి చర్చే, సగంమంది వీళ్ళ చుట్టాలే. ఆ సగంమంది మీద కోపం ఇంకా ఎక్కువ. ఎన్నడో తాతల కాలంలో ఒక ఆటలో వాళ్ళు మోసం చేశారని, ఆ ఆట చూసినవాళ్ళెవరూ బతికి లేకపోయినా, ఊరు ఊరంతా ప్రమాణం చేస్తుంది.

టక్ మెల్లగా కూర్చున్నాడు. "ఆ ఏటి ఒడ్డు పిల్లలున్నారే," అన్నాడు గంభీరంగా, "పాపం, వాళ్ళకీ చదువుండాలి కదా."

వోటింగు నాడు కాటర్ వెల్స్ హాజరు కొనడానికి ఒప్పుకుంది. తేడా కొద్దిగానే వచ్చినా గెలుపు గెలుపే. తనకి రెండు కళ్ళు పోయినా ఎదుటివాడికి ఒకటైనా పోవాలనే సామెత ఇక్కడ ఒక పెద్ద పుణ్యకార్యం చేసిపెట్టింది. నెల తిరిగేసరికి టక్ ప్రూయెట్ దాణా కొట్లో నిలబడి, రాష్ట్రంలో సగంమంది పిల్లల్ని మేమే చదివిస్తున్నామని చెప్పడం మొదలెట్టాడు. సంపన్నుడని పిలిస్తే తిట్టినట్టు ఉలిక్కిపడ్డ మనిషి, ఇప్పుడు ఎవరూ పిలవకపోతే తానే గుర్తుచేస్తున్నాడు.

నెల్డా మాత్రం కుదుటపడలేదు. "ప్రేమతో వెయ్యాల్సిన వోటు పగతో వేయించాను ఒఫీలియా," అంది తువ్వాళ్ళు మడత పెడుతూ.

"పగతో వండినా అన్నం అన్నమే కదండీ," అంది ఒఫీలియా. ఫోను తీసి, నవ్వుతూ తమ్ముడికి కలిపింది. స్పానిష్‌లో ఏదో గలగలా చెప్పింది. అవతలివైపునుంచీ నవ్వు వినబడింది.

"ఏమంటున్నాడు?"

"మా హాజరు మీరు కొన్నారని చెప్పాను. అయితే ఇవాళ ముగ్గురు రాలేదు, ఆ డబ్బు వెనక్కి పంపమంటారా అని అడుగుతున్నాడు."

తువ్వాలు మడత నెల్డా చేతిలోనే ఆగింది. "ముగ్గురా? ఎందుకు రాలేదట?"

"ఒకడికి చెవిపోటట. ఒకడికి చలిజ్వరమట."

"మూడోవాడు?"

"మూడోది ఆడపిల్ల. తెలీదట. నాలుగు రోజుల్నుంచి రావట్లేదట."

"తెలీదంటే ఏంటి? ఇంటికి వెళ్ళి కనుక్కోలేదా? వాళ్ళమ్మని అడగలేదా?"

"ఫోను మీకివ్వనా? మీరే వాణ్ణి అడగండి."

"ఇయ్యి ఇటు." చేతులు గౌనుకి తుడుచుకుని, ఫోను చెవికి ఆనించుకుని, బడి బోర్డులో పేల గురించి దెబ్బలాడిన గొంతుతోనే అందుకుంది. "హలో రొహేలియో, నేను నెల్డాని. నువ్వు నవ్వడం ఆపి, ఆ పిల్ల పేరేంటో ముందు చెప్పు."